మూల గది నుంచి వరసలోకి

నేను ఒక రక్తం కడిగే యంత్రాన్ని. డాక్టర్లు డయాలసిస్ మెషిన్ అంటారు. ఉద్దానం జనం మాత్రం ‘మిసను’ అంటారు. "రేపు మిసను ఎక్కాల" అని బస్సెక్కడం గురించి చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకుంటారు. నిజానికి నా మీద ఎవరూ ఎక్కరు. పక్కన మంచం మీద పడుకుంటారు. వాళ్ళ చేతిలోంచి రక్తం గొట్టంలో నా దగ్గరికి వస్తుంది, వడపోత అవుతుంది, మళ్ళీ వాళ్ళ చేతిలోకే వెళుతుంది. ఒక్కొక్కరికి నాలుగు గంటల పని, వారానికి మూడుసార్లు. అది మానేస్తే మనిషి దక్కడు.

నేను పుట్టింది పరాయి దేశంలో. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి నా లోపల ఉప్పునీళ్ళు తిప్పి చూసి, బాగానే ఉన్నానని సంతకం పెట్టింది. ఓడలో విశాఖపట్నం చేరాను. అక్కణ్నుంచి లారీలో, కొబ్బరితోటల మధ్యనుంచి, సముద్రపు గాలి తగులుతుండగా, ఈ ఊరి ఆసుపత్రికి వచ్చాను. నాతో పాటు ఇంకో ఏడుగురు తోబుట్టువులు దిగారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, మెడలో దండలు వేసి, తెరల మీద కుంకుమ బొట్లు పెట్టారు. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి, నన్ను నిమిరి ఫొటో దిగి వెళ్ళిపోయారు. ఆ కుంకుమ నా మీట సందులో చేరి కొన్ని నెలల పాటు సతాయించింది. మనుషులు యంత్రాన్ని గౌరవించే పద్ధతి అలాగే ఉంటుంది, ముందు పూజ చేసి తర్వాత రిపేరుకు మనిషిని పిలుస్తారు.

ఉద్దానం అందమైన చోటని మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా చెప్పుకునేవారు. కొబ్బరి, జీడి, పనస, పక్కనే సముద్రం. అయినా ఆ పచ్చదనంలో బతికేవాళ్ళకే కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. రోగులు రావడం మొదలుపెట్టాక మాకు ఖాళీ లేదు. వరసలో ఉన్నంతకాలం నాకు బాగుండేది. పొద్దున్నే వచ్చినవాళ్ళు పక్కపక్క మంచాల మీద పడుకుని వాన గురించీ పిక్కల ధర గురించీ మాట్లాడుకునేవారు. ఉద్దానంలో పిక్కలంటే జీడిపిక్కలే.

ఒకరోజు నన్ను వరసలోంచి తీశారు. రోగుల్లో ఇద్దరికి హెపటైటిస్ సి ఉందని రక్తపరీక్షలో తేలింది. అది లివరును తినేసే వైరస్, రక్తం ద్వారా అంటుకుంటుంది. అలాంటివాళ్ళకు వేరే యంత్రం, వేరే గది ఉండాలన్నారు. తలుపుకు దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి నన్నే దొర్లించుకుంటూ తీసుకెళ్ళి, అంతకుముందు దుప్పట్లు పెట్టుకునే మూల గదిలో నిలబెట్టారు. నా నుదుటి మీద పసుపుపచ్చ కాగితం అంటించి దాని మీద ‘సి పాజిటివ్’ అని రాశారు. నాకు ఏ జబ్బూ లేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

అలా నా దగ్గరికి వచ్చింది దాలమ్మ.

పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని ఆమెది. పిక్కల జిడ్డుకు వేళ్ళ కొసలు నల్లబడి ఉండేవి. భర్త కిడ్నీ జబ్బుతోనే పోయాడు. కూతురు నర్సింగు చదువుతోంది. ఊరి బయట అర ఎకరం జీడితోట ఉంది, దానిమీద వచ్చేదే ఆ పిల్ల చదువుకు ఆధారం. వైరస్ ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎప్పుడో ఎక్కించుకున్న రక్తంలోంచి కావచ్చు, మరోలా కావచ్చు. వరసలో ఉన్నప్పుడు గలగలా మాట్లాడే మనిషి. మూల గదిలోకి వచ్చాక గోడ వైపు తిరిగి పడుకునేది. అక్కడ కిటికీ కూడా లేదు. ఊర్వశి సిస్టర్ రెండు జతల చేతితొడుగులు వేసుకుని వచ్చి, సూదులు గుచ్చి, పని కాగానే వెళ్ళిపోయేది. మంచి మనిషే, కాని ఆమెకూ భయమే. ఇంట్లో దాలమ్మ తన కంచం, గ్లాసు తనే వేరు పెట్టుకుంది. ఎవరూ పెట్టుకోమనలేదు. కలిసి తింటే ఆ జబ్బు అంటదు, ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళూ లేరు.

ఆమె రాని రోజుల్లో నా పక్కన పడుకునేది దుర్యోధన మాస్టారు. తెలుగు పండితుడుగా పనిచేసి రిటైరయ్యారు. మా వైపు ఆ పేరు మామూలే, ఆయన మాత్రం ఎవరికీ అపకారం చెయ్యని మనిషి. జబ్బు సంగతి ఊళ్ళో తెలియకూడదని ఆయన తాపత్రయం. ఎవరైనా పలకరిస్తే, తన హోదా చూసి ఆసుపత్రివాళ్ళు స్పెషల్ రూమిచ్చారని చెప్పేవారు. ఆ మాట ఫోనులో ఎన్నిసార్లు చెప్పారో నేను విన్నాను. దుప్పట్ల గదికి అంత గౌరవం అంతకుముందు ఎన్నడూ దక్కలేదు.

నా పని గురించి ఒక నిజం చెప్పాలి. నేను ఒంట్లోని మురికినీ, ఎక్కువైన నీటినీ తీయగలను. వైరస్‌ను తీయలేను. దాలమ్మ రక్తం నాలోంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ వైరస్ నన్ను దాటి మళ్ళీ ఆమె ఒంట్లోకే పోయేది. దాన్ని చంపడానికి బిళ్ళలున్నాయి. మూడు నెలలు మింగితే పూర్తిగా పోతుందని పట్నంలో ప్రైవేటు డాక్టరు ఆమెకు చీటీ రాసిచ్చాడు. మందుల షాపులో ధర విన్నాక దాలమ్మ ఆ చీటీని మడిచి జాకెట్లో దోపుకుని వచ్చేసింది. డయాలసిస్ ఆసుపత్రి కార్డు మీద ఉచితంగా జరుగుతోంది, ఆ బిళ్ళలకు మాత్రం తోట అమ్మాల్సిందే. తోట చూసుకోవడానికి ఒకాయన వచ్చి చెట్లన్నీ లెక్కపెట్టుకుని వెళ్ళాడు కూడా. ఆయన వెళ్ళాక దాలమ్మ తోట అమ్మనని తేల్చేసింది. కిడ్నీలు ఎలాగూ పోయాయి, లివరు కూడా పోతే పోనీ, పిల్ల చదువు ఆగకూడదని ఊర్వశి సిస్టర్‌తో చెప్పింది. ఏడుస్తూ కాదు, సంతకు వెళ్ళడం మానేశానని చెప్పినట్టు చెప్పింది.

ఆమెను ప్రతిసారీ బండి మీద తీసుకొచ్చేవాడు తమ్ముడు లోకనాథం. ఒకప్పుడు దూరపు లారీలు తోలేవాడు, ఇప్పుడు సామాన్ల ఆటో తోలుకుంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే నవ్వి ఊరుకునేవాడట. అక్కను అప్పా అని పిలుస్తూ మంచం దాకా నడిపించి తను వరండాలోకి వెళ్ళిపోయేవాడు. నాలుగు గంటలూ అక్కడే నిలబడేవాడు.

ఒకరోజు అలా వెళ్ళకుండా గదిలోనే ఉండిపోయాడు. నా గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. ఆయన తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చుని, తోట అమ్మక్కర్లేదని, ఆ బిళ్ళలు జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోందని, పరీక్షలకు కూడా ఏమీ తీసుకోరని చెప్పాడు. దాలమ్మ గోడ వైపు నుంచి తిరగలేదు.

"ఉత్తినే ఇచ్చే బిళ్ళలు ఏటి పనిసేస్తాయిరా? ఒట్టి సుద్దబిళ్ళలు. నన్ను రైలెక్కించి తిప్పకు."

లోకనాథం ఆ సంగతి అప్పటికి కొన్ని వారాల ముందే తెలుసుకున్నాడట. తెలిసీ నోరు మెదపలేదు. ఎందుకంటే నీకెలా తెలిసిందని అక్క అడుగుతుంది. దానికి జవాబు ఆయన దగ్గర ఒకటే ఉంది, ఆ జవాబు ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. కాని ముందురోజు డాక్టరు అక్క లివరు వాస్తోందని చెప్పాడు. ఇక ఆగలేకపోయాడు. చొక్కా జేబులోంచి ఒక తెల్ల డబ్బా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇయి నా సుద్దబిళ్ళలు, అప్పా. నాకు హెచ్చైవీ ఉంది. తొమ్మిదేళ్ళయింది. రోజుకో బిళ్ళ, ఉత్తినే ఇస్తన్నారు. నీ బిళ్ళల మాట ఆ మందులిచ్చే కాడే ఇన్నాను. ఇయి మింగే నిలబడ్డాను."

అప్పుడు తిరిగింది దాలమ్మ. అంత వేగంగా తిరగడంతో గొట్టం నలిగి నా అలారం మోగింది. ఊర్వశి సిస్టర్ పరుగెత్తుకొచ్చి సరిచేసి వెళ్ళింది. ఆ కాసేపట్లో లోకనాథం ముఖంలో రంగు లేదు. అక్క ఏమంటుందోనని ఎదురుచూస్తున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను.

"మరి నాకెందుకు సెప్పనేదురా?" అంది దాలమ్మ.

"నువ్వు కంచం ఏరు సేస్తావని."

తన కంచం తనే వేరు పెట్టుకున్న మనిషి దాలమ్మ. ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో నేను చెప్పక్కర్లేదు. చివరికి డబ్బా తిరిగి తమ్ముడి జేబులో తనే పెట్టి, ఇంటికెళ్ళాక ఇద్దరం ఒక్క కంచంలో తిందాం, రైలు ఎప్పుడో కనుక్కో అంది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ సాయంత్రం వాళ్ళు చేపలపులుసు అన్నం ఒకే పళ్ళెంలో తిన్నారు. ఆ ముక్క ఊర్వశి సిస్టర్‌కు చెబుతూ దాలమ్మ మూల గదిలో మొదటిసారి నవ్వింది. తమ్ముడి జబ్బు సంగతి మాత్రం సిస్టర్‌కు గానీ మరెవరికి గానీ చెప్పలేదు. అది చెప్పాల్సింది వాడు, నేను కాదు అనుకుందేమో.

తర్వాతి కథంతా ఆమె నా పక్కన పడుకుని చెబుతుండగా విన్నదే. డయాలసిస్ లేని రోజు చూసుకుని అక్కాతమ్ముళ్ళు పలాసలో రైలెక్కారు. మొదటిసారి వెళితే కిడ్నీ డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం కావాలన్నారు. మా డాక్టరు రాసిచ్చాడు. రెండోసారి రక్తం తీసుకుని పరీక్షకు విశాఖ పంపించారు. వైరస్ బాగా ఎక్కువగా ఉందని ఫలితం వచ్చింది. తీరా బిళ్ళలిస్తారనుకున్న రోజు అక్కడి డాక్టరమ్మ, కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకు ఏ మందు పడితే ఆ మందు ఇవ్వకూడదని, సరిపడే రకం తెప్పించాలని, కొన్నాళ్ళు ఆగమని చెప్పింది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన దాలమ్మ, ఇదిగో మొదలైంది, ఇక ఇవ్వరు అని నా పక్కన పడుకుని గొణుక్కుంది. లోకనాథం గొణగలేదు. తన బిళ్ళల కోసం ఎన్నో వరసల్లో నిలబడ్డ మనిషి, ఆగమంటే లేదని కాదని ఆయనకు తెలుసు. ఆటో పని మానుకుని మళ్ళీ వెళ్ళాడు. తర్వాతి వారం ఇంకోసారి వెళ్ళాడు. నెమ్మదిగా మాట్లాడాడు, కూర్చోమన్నచోట కూర్చున్నాడు, లేవకుండా కూర్చున్నాడు. చివరికి ఒకరోజు ఫోను వచ్చింది, అక్కను తీసుకుని రమ్మని.

మొదటి బిళ్ళ దాలమ్మ నా ఎదుటే మింగింది. ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని కొసను పంటితో కొరికింది. ముఖం వికారంగా పెట్టి, సుద్ద ఇంత చేదుగా ఉండదని ఒప్పుకుని నీళ్ళు తాగింది. డయాలసిస్ రోగులకు నీళ్ళు కొలతమీదే. ఆ గుక్కెడు నీళ్ళు ఆమె లెక్కలో పెట్టుకోకుండా తాగింది. నేను వాటిని తీసేశాను, ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు అలా గడిచాయి. బిళ్ళలైపోయాక ఇంకో మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేస్తేనే గాని వైరస్ పోయిందో లేదో తేలదన్నారు. మందు మింగడం కన్నా ఆ ఆగడమే ఆమెకు కష్టమైంది. కడుపులో కాస్త నొప్పి వస్తే వైరస్ తిరిగొచ్చిందనుకునేది. ఆకలి వేస్తే పోయిందనుకునేది. నేను రక్తం తిప్పుతూ, నాకైనా తెలిస్తే బాగుండుననుకునేదాన్ని. ఎంత రక్తం కడిగినా అందులో ఏముందో చదవడం నాకు చేతకాదు.

ఫలితం వచ్చిన రోజు ఊర్వశి సిస్టర్ కాగితం పట్టుకుని గదిలోకి వచ్చింది. లోకనాథం వెనకే నిలబడ్డాడు. సిస్టర్ ఇంగ్లీషులో ఉన్నది చదివి, వైరస్ కనబడలేదని రాశారని చెప్పింది.

"కనబడనేదంటే ఏటి? దాక్కుందా?"

"లేదమ్మా, దాక్కోలేదు. పోయింది. నీకు ఇక హెపటైటిస్ లేదు."

దాలమ్మ ఏడుస్తుందని నేననుకున్నాను. ఏడ్చింది లోకనాథం. గోడకు ఆనుకుని కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. దాలమ్మకు సూదులున్న చెయ్యి కదపడానికి లేదు. రెండో చెయ్యి చాచి వాడి జుట్టు పట్టుకుని ఊపి, ఇంటికెళ్ళాక తలకు నూనె రాసుకోమని కోప్పడింది. ఊర్వశి సిస్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి తొడుగు లేదు. అది చూసి నాకు ఇన్నేళ్ళ నా చాకిరీ అంతా కళ్ళ ముందు మెదిలింది. ఆ క్షణంలో ఆ గదిలో గెలవనివాళ్ళు ఎవరూ లేరు, ఆ దుప్పట్ల గది కూడా గెలిచినట్టే ఉంది.

ఇక మిగిలింది దుర్యోధన మాస్టారు. దాలమ్మ తన రోజు కాకపోయినా ఆయన కోసం పనిగట్టుకుని వచ్చింది. బిళ్ళలు ఎక్కడిస్తారో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో, డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందో అంతా చెప్పింది. మాస్టారు విని, ఉచితమందుల వరసలో నిలబడటం తనకు తగదని, పిల్లలకు పద్యాలు చెప్పిన మనిషినని, తన శిష్యులెవరైనా చూస్తే తలవంపులని అన్నారు.

"మీ పింఛను ఎవులిస్తన్నారు మాస్టారూ? సర్కారే కదా," అంది దాలమ్మ. "అది తీసుకోడానికి నేని సిగ్గు బిళ్ళ తీసుకోడానికేల?"

మరుసటి వారం మాస్టారు లోకనాథం వెంట రైలెక్కారు. తిరిగొచ్చాక ఆయన బాధ ఇంకోటి. అంత వరసలో అంతసేపు నిలబడితే ఒక్క శిష్యుడూ కనబడలేదట, ఒక్కరూ గుర్తుపట్టలేదట. గుర్తుపడతారని భయపడ్డ మనిషి, గుర్తుపట్టలేదని నొచ్చుకున్నారు. అయినా బిళ్ళలు క్రమం తప్పకుండా మింగారు. ఆయనకూ వైరస్ పోయింది. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించారు. జబ్బున్నప్పుడు దాచిన మనిషి అది పోయాక దండోరా వేశారు.

ఆ తర్వాత కొన్ని రోజులు నేను మూల గదిలో ఒంటరిగా ఉన్నాను. నా దగ్గర పడుకోవలసినవాళ్ళు లేరు. యంత్రానికి పని లేకపోవడం అవమానమని తోబుట్టువులు అనుకుని ఉంటారు. నాకలా అనిపించలేదు. పని తప్పిపోయినందుకు పొంగిపోయిన యంత్రం మా వంశంలో నేనొక్కదాన్నే కావచ్చు. ఒక ఉదయం ఊర్వశి సిస్టర్ వచ్చి నా నుదుటి మీది పసుపుపచ్చ కాగితాన్ని గోటితో గీకింది. జిగురు మొండిగా అంటుకుపోయి ఉంది. తడిగుడ్డతో తుడిచి తుడిచి చివరకు తీసేసింది. నన్ను ఆస్తమా ఉన్నవాణ్ని నడిపించినట్టు మెల్లిగా దొర్లించుకుంటూ హాల్లోకి తెచ్చి, కిటికీ పక్కన నిలబెట్టింది. ఎండ నా తెర మీద పడి అంకెలు సరిగ్గా కనబడలేదు. ఎవరో పరదా లాగారు.

దాలమ్మ కూడా హాల్లోకి వచ్చేసింది, నా దగ్గరికి కాదు, అవతలి చివరన తన పాత స్నేహితురాళ్ళ పక్కకు. నా ముందునుంచే నడిచి వెళ్ళింది. నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? మాట్లాడటానికి ఆమెకు చాలా బాకీ ఉంది. ఆ రోజు నాలుగు గంటలూ ఆమె గొంతే వినిపించింది. ఇప్పుడు ఆమె రోజుల్లోకే మారిన మాస్టారు మాత్రం, ఈ హాల్లో గోల ఎక్కువ, స్పెషల్ రూములోనే ప్రశాంతంగా ఉండేదని విసుక్కున్నారు.

ఆమె కిడ్నీలు బాగుపడలేదు. మిసను తప్పలేదు, తప్పదు కూడా. కాని లివరు నిలబడింది, తోట నిలబడింది, పిల్ల చదువు నడుస్తోంది. లోకనాథం అంతకుముందు తన బిళ్ళల కోసం, ఎవరైనా చూస్తారని, దగ్గర్లో సెంటరున్నా విశాఖ దాకా పోయేవాడట. ఇప్పుడు పేరు జిల్లా కేంద్రానికి మార్పించుకున్నాడు. అక్క లివరు పరీక్షకు వెళ్ళే రోజునే తనూ వెళతాడు. ఇద్దరికీ ఒకటే రైలు, ఒకటే టిఫిను పొట్లం. దారిలో ఆమె వాడికి పెళ్ళి సంబంధాల గురించి చెబుతుందట. అక్కడి సెంటరులోనే మందులు తీసుకునే ఒకావిడ, మనసు మంచిది, వంట బాగా చేస్తుంది అని. వాడు నవ్వి ఊరుకోవడం మానేశాడు, ఆలోచిస్తానంటున్నాడు.

ఆ ఏడు జీడి కాపు బాగా కాసింది. దాలమ్మ తను కొట్టి తీసిన పప్పు చిన్న సంచిలో పోసుకుని హాల్లోకి వచ్చింది. డయాలసిస్ రోగులు జీడిపప్పు తినకూడదని ఊర్వశి సిస్టర్ అడ్డుపడింది. వాదన జరిగింది. తలకొక్కటి, అంతకు మించితే సంచి లాక్కుంటానని సిస్టర్ రాజీకొచ్చింది. దాలమ్మ మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, తన నల్లబడ్డ వేళ్ళతో ఒక్కొక్క పప్పు తీసి ఒక్కొక్క అరచేతిలో పెట్టింది. అందరూ తీసుకున్నారు. అందరూ నోట్లో వేసుకున్నారు. మాస్టారు రెండోది అడిగి లేదనిపించుకున్నారు. చివరికి ఆమె సిస్టర్ ముందు నిలబడింది. ఊర్వశి సిస్టర్ నోరు తెరిచింది. దాలమ్మ పప్పు ఆమె నోట్లోనే పెట్టింది.

నేను ఎవరో కొత్తవాడి రక్తం తిప్పుతూ కిటికీ పక్కనుంచి అదంతా చూశాను. హాల్లో అందరూ నములుతున్నారు.